పదిహేడు చోట్ల ఎర్ర సిరా

7-11-2005, సోమవారం

ఉయ్యూరు నుంచి ఉత్తరం వచ్చింది. డిసెంబరు ఎనిమిదిన జిల్లా జూనియర్ కాలేజీల వాదప్రతివాద పోటీ. విషయం తర్వాత చెబుతారట. ఎప్పటిలాగే కాలేజీకి ఒక్కరే. అనుకూలంగా మాట్లాడాలో ప్రతికూలంగా మాట్లాడాలో స్టేజీ ఎక్కేముందు చీటీ తీస్తే గానీ తెలియదు కాబట్టి, రెండువైపులా తయారై రావాలి. ఏడేళ్ళుగా ఆ షీల్డు మా కాలేజీ ఆఫీసు బీరువా మీదే ఉంది. తుడిచేవాళ్ళు లేరు గానీ, ఉంది.

మార్చి ముప్పై ఒకటితో నాకు యాభై ఎనిమిది నిండుతాయి. నాతోపాటు ఈ కాలేజీలో లాజిక్కు కూడా రిటైరవుతుంది. పిల్లలంతా ఎంసెట్ కోచింగులకి పరిగెడుతుంటే లాజిక్కు ఎవరికి కావాలి? సెకండియర్లో తొమ్మిదిమంది ఆడపిల్లలు మిగిలారు. వాళ్ళకీ బెజవాడలో వేరే ఎక్కడా సీటు దొరక్క నా దగ్గరికి వచ్చారని ప్రిన్సిపాల్ గారి అభిప్రాయం. ఎనిమిదోసారి కూడా షీల్డు తెచ్చి ఆయన నెత్తిమీద, అంటే ఆయన బీరువా నెత్తిమీద, పెట్టి వెళ్ళిపోతాను.

ఎవరిని పంపాలో ఆలోచించే పనే లేదు. ఆస్మా. దాని తల్లి నజీరా కుట్టిన జాకెట్టుని తిరగేసి లోపలి కుట్టు ఎలా చూస్తుందో, ఈ పిల్ల ఎదుటివాళ్ళ మాటని అలా తిరగేసి చూస్తుంది. నేను చెప్పిన పాఠాన్ని కూడా.

8-11-2005

జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి నజీరా ఇంటికి వెళ్ళాను. పటమటలో మా వీధికి రెండు వీధుల అవతల. పన్నెండేళ్ళుగా నా జాకెట్లన్నీ ఆవిడే కుడుతోంది. మొన్న శనివారం రంజాన్ కదా, నాకోసం ఫ్రిజ్జులో దాచిన షీర్ ఖుర్మా స్టీలు డబ్బాతో సహా చేతిలో పెట్టింది.

“ఆస్మా లా చదువుతానని ఒకటే గోలండీ మేడం. వాళ్ళ నాన్నేమో, మాటలతో బతికే చదువు, మనకేం తెలుస్తుంది అంటారు. ఛాయాదేవి మేడం గారు ముప్పయ్యేళ్ళ నుంచీ పిల్లల మాటలు వింటన్నారు, ఆవిడ మన పిల్లని ఉయ్యూరు పంపిస్తే లా చదివిద్దాం, లేకపోతే టీటీసీ చేయిద్దాం, ఆవిడ మాటే ఫైనల్ అన్నారండీ.”

ఖాలిక్ గారు బస్సుల గ్యారేజీలో మెకానిక్. నాతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండరు. అలాంటి మనిషి నా మాట ఫైనల్ అన్నారట. నేను పైకి నవ్వి ఊరుకున్నాను గానీ ఇంటికి వచ్చేదాకా నా నడక వేరుగా ఉంది.

10-11-2005

ఫోన్లో విషయం చెప్పారు. “రిజర్వేషన్లు ఇంకా అవసరమా?”

మంచి సమయమే చూసుకున్నారు. ముస్లింల రిజర్వేషన్ల మీద పేపర్ల నిండా అదే గొడవ. సిటీ బస్సులో అదే, కూరగాయల బండి దగ్గర అదే. ప్రిన్సిపాల్ రామకోటేశ్వరరావు గారు పిలిచి, “సబ్జెక్టు కాస్త సెన్సిటివ్ అండీ. ఎవర్ని పంపుతున్నారు?” అని అడిగారు. బాగా మాట్లాడేవాళ్ళని అన్నాను. “అంతే కదండీ, అంతే కదండీ” అన్నారు. ఆయన ఒకమాట రెండుసార్లు అన్నారంటే మనసులో మూడోది ఇంకేదో ఉందన్నమాట.

నాకు అలాంటివి లేవు. ఎకనామిక్స్ చెప్పే కృపానందం గారు పంతొమ్మిదేళ్ళ క్రితం రిజర్వుడు పోస్టులోనే వచ్చారు. ఆయన బంగారంలాంటి మనిషి. ఆయన మొహం మీదే ఎన్నోసార్లు అన్నాను, “కృపానందం గారూ, మీరు వేరండీ” అని.

12-11-2005, శనివారం

తొమ్మిదిమంది చేతా రెండువైపులా వ్యాసాలు రాయించాను. పోటీకి నిలబడేవి రెండే. ఆస్మాది, సుస్మితది.

సుస్మిత మంచి పిల్ల. ఉయ్యూరు దగ్గర చెరకు పండించే కుటుంబం, పిల్లల చదువుల కోసం పటమట వచ్చి ఇల్లు కట్టుకున్నారు. మైకు అక్కర్లేని గొంతు. పాపం, దాని అన్న సిద్ధార్థకి రెండేళ్ళ క్రితం మెడిసిన్ సీటు కొద్దిలో తప్పింది. ఇంట్లో ఇప్పటికీ అన్నాలప్పుడు ఆ మాటే వస్తుందట. వ్యాసం సాఫీగా ఉంది. కామాలు తప్ప దిద్దడానికేమీ లేదు.

ఆస్మా వ్యాసం బాగుంది. చాలా బాగుంది. ఒక్కటే దోషం. ఎక్కడ చూసినా ‘మనం’. మనం అంటే ఎవరు? వాదనలో సర్వనామం ఎవరిని చూపిస్తోందో తేటగా ఉండాలి. ఆస్మా ముస్లింల గురించి మాట్లాడుతున్నప్పుడు అది ‘మేము’ కావాలి. అన్నీ ‘మేము’ అని దిద్దాను. ఇంగ్లీషు పిల్లలకి ఈ బాధ లేదు, వాళ్ళకి రెంటికీ ఒకటే మాట. మనకి రెండున్నాయి కాబట్టి ఎక్కడ ఏది వాడాలో తెలియాలి.

15-11-2005

ఈ పిల్లకి కాస్త పొగరు కూడా ఉంది. పేపర్లు తిరిగి ఇచ్చాక క్లాసు మధ్యలో లేచి నిలబడింది.

“మేడం, ‘మనం అన్ని ఊళ్ళలో మంచి బడులు కట్టలేదు’ అని రాశానండీ. మీరు ‘మేము’ అని దిద్దారు. బడులు మేమెందుకు కడతామండీ?”

క్లాసంతా నవ్వింది. సుస్మిత కూడా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“అది పొరపాటున దిద్ది ఉంటాను. మిగతావి సరిగ్గానే ఉన్నాయి. మేము అంటే మీవాళ్ళు.”

“మావాళ్ళంటే మా నాన్నావాళ్ళాండీ?”

కూర్చోమన్నాను. కూర్చుంది. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నా ఎర్ర సిరాని ప్రశ్నించిన మొదటి విద్యార్థిని. ప్రశ్నించడం నేనే నేర్పాను, ఒప్పుకుంటాను. కానీ దానికొక సందర్భం ఉండాలి.

17-11-2005

జాకెట్టు వచ్చింది. భుజం దగ్గర ఎంత చక్కగా కుదిరిందో. నజీరా డబ్బా తిరిగి ఇవ్వడం మర్చిపోయాను.

19-11-2005, శనివారం

ఆవేశం లేకుండా ఆలోచించాను. కాగితం మీద పెడుతున్నాను.

చీటీలో ‘అనుకూలం’ వచ్చిందనుకుందాం. ముస్లిం అమ్మాయి రిజర్వేషన్లు కావాలని వాదిస్తే అది స్వప్రయోజనం అంటారు, వినరు. ‘ప్రతికూలం’ వచ్చిందనుకుందాం. తనవాళ్ళకి వ్యతిరేకంగా మనస్ఫూర్తిగా మాట్లాడలేదు, తేలిపోతుంది. ఈ రెంటిలో ఏదో ఒకటే వస్తుంది. కాబట్టి ఎటు చూసినా ఆస్మా ఓడిపోతుంది. సుస్మితకి ఈ ఇబ్బంది లేదు. ఈ గొడవకి ఆ పిల్ల బయటి మనిషి. తటస్థంగా మాట్లాడగలదు.

అటు లాగినా ఇటు లాగినా బిగిసే ఉచ్చు. ఉభయపాశానికి, అదే డైలమాకి, పాఠ్యపుస్తకంలో కూడా ఇంత చక్కని ఉదాహరణ లేదు. ఇందులో నా ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. ఆస్మాని అవమానాల నుంచి కాపాడడం కూడా నా బాధ్యతే కదా.

ఆ లా చదువు సంగతి వేరు. టీటీసీ చేసినా మంచి టీచరవుతుంది.

20-11-2005, ఆదివారం

డబ్బా ఇచ్చొద్దామని పులిహోర చేశాను, ఖాళీ డబ్బా ఎలా ఇస్తాం? చేశాక వెళ్ళబుద్ధి కాలేదు. నేనే తిన్నాను, రెండు పూటలా.

22-11-2005

క్లాసులో పేరు చెప్పాను. సుస్మిత ఆశ్చర్యపోయింది. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆస్మాని స్టాఫ్ రూముకి పిలిచి, విషయం ఇలాంటిది కాకపోతే నిన్నే పంపేదాన్ని అని చెప్పాను.

“ఇలాంటిదంటే ఎలాంటిదండీ?”

“నీకే ఇబ్బందమ్మా. నీకు అర్థం కాదు, ఆ హాల్లో రకరకాల మనుషులుంటారు.”

“సరేనండీ” అంది. పేపరు అడిగాను. సుస్మితకి పాయింట్లు పనికొస్తాయేమోనని. ఇచ్చేసింది. వాదిస్తుందని చూశాను. నాలుగు జవాబులు తయారుగా పెట్టుకున్నాను కూడా. ఒక్కదానికీ పని పడలేదు.

ఇందులో నా ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు.

23-11-2005

ఆస్మా రాలేదు. ఈ చలిగాలికి జ్వరాలు వస్తున్నాయి.

25-11-2005, శుక్రవారం

మధ్యాహ్నం క్యారేజీలు విప్పాం. కృపానందం గారు రోజూలాగే నాకు గోంగూర పచ్చడి వేసి, వేస్తూ వేస్తూ అడిగారు.

“ఆస్మాని కాదన్నారంటగా మేడం?”

నా ఉభయపాశం వివరించాను. ఓపిగ్గా విన్నారు.

“మరి సుస్మితా వాళ్ళన్నయ్యకి సీటు పోయిందని మీరే చెప్పారుగా. ఆ పిల్ల వద్దని వాదిస్తే స్వప్రయోజనం కాదాండీ? కావాలని వాదించాల్సి వస్తే తేలిపోదాండీ?”

“అది వేరండీ.”

“అవునులెండి.” ఆయన నవ్వారు. “నన్ను కూడా మీరు వేరండీ అంటారుగా. పంతొమ్మిదేళ్ళ నుంచి వింటన్నా. దేనికంటే వేరో ఒక్కసారన్నా చెబుతారేమోనని చూస్తన్నా.”

“మెచ్చుకుంటే కూడా తప్పేనా?”

“తప్పని అనలేదండీ. మెచ్చుకున్నప్పుడల్లా ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పేవాణ్ణి. ఆవిడ అడిగేది, ‘అయితే మిగతా మనందరం ఏంటంట?’ అని.”

క్యారేజీ మూత పెట్టేశాను. విషయం వదిలి మనిషి మీదికి వెళ్ళే వాదన ఇది. హేత్వాభాసాల్లో, అదే తర్కదోషాల్లో, మొట్టమొదటిది. రేపటి నుంచి లైబ్రరీలో తింటాను.

26-11-2005

ఆస్మా వచ్చింది. ఆఖరి బెంచీలో కూర్చుంది. జ్వరమేమీ రాలేదట.

28-11-2005, సోమవారం

కాలేజీ అయ్యాక సుస్మిత చేత ‘అనుకూలం’ చెప్పించాను. మూడు నిమిషాలు బాగా చెప్పింది. నాలుగో నిమిషంలో ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది.

“ఏమైందమ్మా?”

“అన్నయ్య గుర్తొస్తున్నాడండీ. రిజల్ట్స్ వచ్చినరోజు వాడు అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడండీ. రిజర్వేషన్లు కావాలి అని చెప్తుంటే వాడి ముందు నిలబడి చెప్తున్నట్టుంది.” ఏడ్చేసింది. “నాకు ఒకవైపే వచ్చు మేడం. ఆస్మాని పంపండి. దానికి రెండువైపులా వచ్చు.”

వీపు నిమిరి ఇంటికి పంపాను. బయటి మనిషి అనుకున్నాను ఈ పిల్లని.

ఇల్లు చేరాక కూడా పట్టు వదల్లేదు నేను. నిజమే రాయాలి, ఇది నా డైరీ. ఆస్మా పేపర్లో మంచి పాయింట్లు ఏరి, సుస్మితకి కంటతడి రాని విధంగా మార్చి ఇద్దామని కూర్చున్నాను. ఒకళ్ళ మాటలు తీసి ఇంకొకళ్ళ నోట్లో పెట్టడానికి. రెండు పేపర్లూ పక్కపక్కన పరిచాను.

సుస్మిత మొదటి వాక్యం: “మనం స్వాతంత్ర్యం తెచ్చుకుని యాభై ఎనిమిదేళ్ళయింది.” దిద్దలేదు.

ఆస్మా మొదటి వాక్యం కూడా ఇంచుమించు అదే. “మనం స్వాతంత్ర్యం తెచ్చుకున్న రోజున అందరం ఒకే గీత దగ్గర నిలబడి లేము.” మనం కొట్టేసి ఉంది. పైన ఎర్రగా, గుండ్రంగా, నా దస్తూరీలో, మేము.

ముస్లింలు మాత్రమే స్వాతంత్ర్యం తెచ్చుకున్నారని ఆస్మా చేత చెప్పించబోయానన్నమాట. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

లెక్కపెట్టాను. సుస్మిత పేపర్లో ‘మనం’ ఇరవైమూడు చోట్ల ఉంది. ఒక్కచోట కూడా మనం అంటే ఎవరని నేను అడగలేదు. ఆస్మా పేపర్లో పదిహేడు. పదిహేడూ కొట్టేశాను. అందులో ముస్లింల గురించి రాసినవి మూడు. మిగతా పద్నాలుగూ దేశం గురించి, కాలేజీ గురించి, బస్సులో సీటు గురించి. ఒకటైతే తెలుగు గురించి. “మనం మాట్లాడే తెలుగులో” అని రాస్తే దాన్ని కూడా దిద్దాను.

ఒకటి రెండయితే పొరపాటు. పదిహేడు పొరపాటు కాదు. ఆ రోజు నేను అసలు వాక్యాలు చదవలేదు. పేపరు మీద పేరు చదివాను. పెన్ను దానంతట అదే పోయింది.

ముప్పై మూడేళ్ళు ‘మాటని చూడండి, మనిషిని కాదు’ అని బోర్డు మీద రాశాను. నాకు సిగ్గుగా ఉంది. ఆ పిల్ల నన్ను తన ‘మనం’లో కలుపుకుని రాస్తే, నేను పదిహేడుసార్లు బయటికి నడిచి, తలుపు వేసి, తప్పు దానిదేనని ఎర్ర సిరాతో సంతకం పెట్టాను.

29-11-2005

పదిహేడు.

30-11-2005, బుధవారం

డబ్బా తీసుకుని వెళ్ళాను. ఖాళీగానే. చేయడానికి చేతులాడలేదు.

ఖాలిక్ గారికి ఈరోజు సెలవట, ఇంట్లోనే ఉన్నారు. కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశారు. నజీరా మిషను ఆపింది. ఆస్మా గుమ్మం పక్కన కూర్చుని ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని కుట్టుకుంది.

“ఖాలిక్ గారూ, ఉయ్యూరుకి పంపే విషయంలో నేను తప్పు చేశాను” అన్నాను.

“అయ్యో, అదేం మాటండీ. మీరు చూసి చేసిందే కదా. పాప ఎక్కడో తక్కువైంది, అందుకే పంపలేదు. మేమేం అనుకోలేదండీ. టీటీసీ కూడా మంచిదే. కాకపోతే ఎక్కడ తక్కువైందో చెబితే దిద్దుకుంటుందండీ.”

దిద్దుకుంటుందట.

తక్కువ పాపది కాదు, నాది అని ఏదో గొణిగాను. ఖాలిక్ గారికి అర్థం కాలేదు. మర్యాదగా తలూపారు. ఈ మర్యాదతోనే బయటపడి ఇంటికి పోవచ్చు అని ఒక్కక్షణం అనిపించింది కూడా.

ఆస్మా తలెత్తకుండానే అంది. “నన్నెందుకు వద్దన్నారో నాన్నకి చెప్పండి మేడం.”

“ఆస్మా!” అంది నజీరా.

“అడగనివ్వండి” అన్నాను. “రిజర్వేషన్ల గురించి ముస్లిం అమ్మాయి మాట్లాడితే స్వార్థంతో మాట్లాడుతోందని అంటారేమోనని...”

“ఎవరంటారండీ?”

ప్రిన్సిపాల్ గారు అనలేదు. ఉయ్యూరు వాళ్ళు అనలేదు. చున్నీ అడ్డం పెట్టుకుని నవ్విన పిల్లలు అనలేదు.

“నేనే అన్నానమ్మా” అన్నాను. “ఎవరూ అనకముందే నేనే అన్నాను.”

ఖాలిక్ గారు నేలవైపు చూశారు. పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ నా మొహం చూడకుండా అలా కూర్చోలేదు. చివరికి ఆయనే, “టీ పెట్టు నజీరా. మేడం గారు ఎండలో వచ్చారు” అన్నారు. ఆ టీ తాగడం కంటే ఆయన నాలుగు మాటలు అంటే బాగుండేది.

గుమ్మం దిగుతుంటే అడిగాను, వెళ్తావా ఉయ్యూరు అని. ఆస్మా దారం పంటితో తెంపి, “నా పేపరు నాకు మామూలుగా కావాలండీ. మీరు దిద్దకముందు ఎలా ఉందో అలా” అంది.

వస్తానని అనలేదు.

1-12-2005

ప్రిన్సిపాల్ గారు, “ఇప్పుడు మార్చడమెందుకండీ, అనవసరంగా రిస్కు, అనవసరంగా రిస్కు” అన్నారు. మూడోది నేను అడిగాను. “మూడోది కూడా చెప్పండి సార్. ముస్లిం అమ్మాయి కాబట్టే కదా? నేనూ అదే అనుకున్నాను. అందుకే మారుస్తున్నాను.” ఆయన సంతకం పెట్టారు. నా రిటైర్మెంటు తేదీ క్యాలెండర్లో ఒకసారి చూసుకున్నారు కూడా.

లైబ్రరీలో తినడం మానేశాను. కృపానందం గారు ఏమీ అడక్కుండా పచ్చడి వేశారు. “మీరు వేరు కాదండీ” అన్నాను. “ఇప్పుడదొకటా!” అని పొలమారేలా నవ్వారు.

4-12-2005, ఆదివారం

పొద్దున్నించీ కూర్చుని ఆస్మా పేపరు మొత్తం తెల్ల ఠావుల మీద నా చేత్తో తిరగరాశాను. ఎర్ర సిరా గీతల కింద అసలు మాట వెతుక్కుంటూ. పిల్లలకి ఇంపోజిషన్లు ఇవ్వడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. మనం అని రాసినప్పుడల్లా ఆ వాక్యం పూర్తిగా చదివాను. పన్నెండోది ఇది:

“ఆలస్యంగా వచ్చింది ఎవరు అని అడిగేముందు, తలుపు దగ్గర నిలబడ్డది ఎవరో మనం చూసుకోవాలి.”

దీన్ని కూడా మేము చూసుకోవాలి అని దిద్దిన మహాతల్లిని నేను.

నజీరా డబ్బాలో సున్నుండలు పెట్టి, పైన పేపరు పెట్టి ఇచ్చొచ్చాను. డబ్బా ఆస్మాయే అందుకుంది. ఠావులు తీసి, నిలబడే మొదటి పేజీ చదివింది. “ఎన్నింటి బస్సండీ?” అని అడిగింది.

8-12-2005, గురువారం

వెళ్ళేటప్పుడు బస్సు చెరకు ట్రాక్టర్ల వెనక నత్తనడక నడిచింది. ఫ్యాక్టరీ దగ్గరపడేకొద్దీ బెల్లంపాకం వాసన. ఆస్మా కిటికీ పక్కన కూర్చుని ఠావులు తిరగేసుకుంది. నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. టిక్కెట్టు మీరు తీశారాండీ. నీళ్ళు కావాలాండీ.

చీటీ తీసింది. ‘ప్రతికూలం’.

నా ఉభయపాశంలో రెండో ఉచ్చు. ఆస్మా నేరుగా మైకు దగ్గరికి నడిచింది. తల్లి జాకెట్టుని తిరగేసినట్టే తను రాసిన అనుకూల వాదననంతా తిరగేసి, ఎక్కడెక్కడ కుట్టు ఊడుతుందో వేలుపెట్టి చూపించింది. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ జాలి అడగలేదు. చివర్లో అంది:

“ఒక మనిషి మాట్లాడడానికి నోరు తెరవగానే, ఈ మనిషి ఏ జాబితాలోది అని ముందు వెతుక్కునే అలవాటు మనకుంది. మంచివాళ్ళకీ ఉంది, చదువు చెప్పేవాళ్ళకీ ఉంది. జాబితాలు ఆ అలవాటుని తగ్గించాయా పెంచాయా అని అడిగే హక్కు ప్రతికూల పక్షానికి ఉంది. నేను అడుగుతున్నాను.”

ఆ మాటలు నేను రాసిన కాపీలో లేవు. అక్కడే కలిపింది. ‘మనకుంది’ అన్నప్పుడు నావైపు చూడలేదు. చూడక్కర్లేదు కూడా.

రెండో బహుమతి. షీల్డు బందరు అబ్బాయి పట్టుకుపోయాడు. బాగానే మాట్లాడాడు, కాదనను. మా బీరువా ఇప్పుడైనా ఎవరో ఒకళ్ళు తుడవచ్చు.

కిందికి దిగాక న్యాయనిర్ణేతల్లో పెద్దాయన దగ్గరికొచ్చి ఆస్మాని మెచ్చుకున్నారు. “శభాషమ్మా! నీకు నువ్వే వ్యతిరేకంగా మాట్లాడావు. మీవాళ్ళలో కూడా ఇంత నిష్పక్షపాతంగా ఆలోచించేవాళ్ళు ఉన్నారన్నమాట!”

మనస్ఫూర్తిగానే అన్నారు. మంచివారే. నా గొంతు ఆయన నోట్లోంచి వినపడి నేను తల దించుకున్నాను. ఏదో ఒకటి చెప్పాలి, నేనే చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. ఆస్మా ముందే అందుకుంది.

“ఉన్నారండీ. మావాళ్ళంటే మా లాజిక్కు క్లాసు తొమ్మిదిమందీ, ఇదిగో, మా మేడమూ అండీ. అందరం ఆలోచిస్తామండీ. అప్పుడప్పుడు తప్పుగా కూడా ఆలోచిస్తామండీ.”

ఆయనకి సగమే అర్థమై, నవ్వి వెళ్ళిపోయారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టు నటించాను. లాజిక్కు టీచరు నటన కాబట్టి ఎవరూ నమ్మి ఉండరు.

తిరుగు బస్సు కంకిపాడు చేరింది. అప్పుడు ఆస్మాయే అంది.

“నాకు కోపం పోలేదండీ మేడం.”

“పోవాలని నేను అడగనమ్మా.”

“అక్కడ ఆయన ముందు మాత్రం మిమ్మల్ని వదిలేయబుద్ధి కాలేదు.”

పటమట స్టాపులో ఖాలిక్ గారు డ్యూటీ బట్టలతోనే నిలబడి ఉన్నారు. సెకండ్ వచ్చింది నాన్నా అని ఆస్మా చెప్పగానే దాని తలమీద చెయ్యి వేసి, నావైపు తిరిగారు. మొన్నటి తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూశారు.

“లా సంగతి ఏమంటారు మేడం గారూ? మీ మాటే ఫైనల్ అనుకున్నాం.”

“తప్పకుండా చదివించండి. ఇంతకంటే తగిన పిల్లని నేను చూడలేదు. కానీ ఇకమీదట నా మాట ఫైనల్ కాదండీ. ఎవరు ఫైనల్ అన్నా, ఎలా తేల్చారో ఒకసారి అడగండి. మీ అమ్మాయి అడిగినట్టు.”

ఆయన మొదటిసారి నవ్వారు. “అది అడక్కుండా ఎక్కడుంటుందండీ” అన్నారు.

వాళ్ళిద్దరూ నాలుగడుగులు వేశాక ఆస్మా వెనక్కి తిరిగింది.

“రేపు మనకి ఫస్టవరేనాండీ?”

“అవునమ్మా” అన్నాను. “మనకి ఫస్టవరే.”